ఇరవై ఆరేళ్ల నూగు

"నీకు డ్రయ్యర్లో బట్టలు వేయడం చేతకాదు." పెళ్లయిన మొదటి చలికాలంలోనే మార్లిస్ ఈ మాట పడింది. అన్నది భర్త లైల్. అత్తగారు ఆర్డిస్ ఊరుకుంటుందా, "గోనెసంచిలో బంగాళాదుంపలు కుక్కినట్టు కుక్కుతుందిరా నీ పెళ్లాం" అని వంత పాడింది. తువ్వాళ్లు ఆరాలంటే యంత్రాన్ని మూడుసార్లు తిప్పాలి. అమెరికా ఉత్తరాన మంచు ఊరు డులూత్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బయట ఆరేస్తే ప్యాంటు చెక్కలా బిగుసుకుంటుంది గానీ ఆరదు. సెల్లార్‌లో ఉన్న ఆ డ్రయ్యరే గతి. అది ఆగినప్పుడల్లా బజర్ మోగేది. అన్నం మధ్యలోనైనా, నడుం పట్టేసిన రోజైనా లేవాల్సింది మార్లిసే. లైల్ టీవీ మీంచి తల తిప్పకుండా "మోగింది" అనేవాడు, ఆమెకేదో చెవుడున్నట్టు.

విచిత్రమేమిటంటే ఆమె ఉద్యోగమూ బట్టలతోనే. సరస్సు ఒడ్డు మోటెల్లో పందొమ్మిదేళ్లు దుప్పట్లు ఉతికి ఆరబెట్టింది. అక్కడ ఒక్క తిప్పుకే ఆరిపోయేవి. ఇంట్లో చేతకాని చేతులు అక్కడెలా చేతనయ్యాయి అన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనాలి. రోజూ వింటూ ఉంటే ఎదుటివాళ్ల మాట ఎప్పుడో మన మాటయి కూర్చుంటుంది. ఒక్కో వాయికి రెండేసి తువ్వాళ్లే వేసి చూసింది, అయినా ఆరకపోతే తనను తానే తిట్టుకుంది.

మోటెల్ మూతపడ్డాక, యాభై నాలుగో ఏట, డ్రయ్యర్ వేడిగాలినీ బట్టల నుంచి రాలిన నూగునూ బయటికి పంపే గొట్టాలు శుభ్రం చేసే పని నేర్చుకోవడానికి చేరింది. "నూగు తీయడానికి కూడా పరీక్షా? రేపు అంట్లు తోమడానికీ పెడతారు" అన్నాడు లైల్. ఆ జోకు అతనికెంత నచ్చిందంటే, ఆమె ఆరని తువ్వాళ్ల కథతో కలిపి చర్చిలో కాఫీల దగ్గర రెండు ఆదివారాలు నడిపించాడు.

నేర్పేది జోలీన్ అనే ఆవిడ, తండ్రి వెంట పొగగొట్టాలు ఊడ్చి పెద్దదైన మనిషి. తరగతిలో పదకొండుమంది మగవాళ్లు, మార్లిస్ ఒక్కతే ఆడది. పొడుగు కడ్డీలను ఒకదానికొకటి మరలతో బిగించి, కొసకు బ్రష్షు పెట్టి, డ్రిల్లుతో తిప్పుతూ గొట్టంలోకి పంపాలి. డ్రిల్లు ఎప్పుడూ కుడివైపే తిరగాలి. ఎడమకు తిప్పావా, మర ఊడి బ్రష్షు గోడలోనే ఉండిపోతుంది. జోలీన్ పదిసార్లు చెప్పింది. ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసే ఒక పెద్దమనిషి మాత్రం నాకా చెప్పేది అన్నట్టు చూసి, ఇరుక్కున్న బ్రష్షును రాబట్టడానికి ఎడమకే తిప్పాడు. చివరికి గొట్టం కోయాల్సి వచ్చింది. మార్లిస్‌కు నవ్వాగలేదు, దగ్గు నటించింది. రాతపరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు. ఇంటికొచ్చి చెబితే, "బాగుంది. రాత్రికేం వండుతున్నావు?" అన్నాడు లైల్.

ఇక మిగిలింది ఒక్కటే. ఒక ఇంటి గొట్టం తనే శుభ్రం చేసి, అది ఎందుకు పూడుకుపోయిందో రాసి, ఇంటి యజమాని సంతకంతో నివేదిక పంపాలి. అప్పుడు సర్టిఫికెట్, ఇంటింటికీ వెళ్లి గొట్టాలు శుభ్రం చేసే జోలీన్ వ్యాన్‌లో ఉద్యోగం. మొదటిది సొంత ఇల్లయినా ఫరవాలేదన్నారు. "చూసింది రాయి, చూసినంతే రాయి. రేపు నూగుకు నిప్పంటుకుని ఇల్లు కాలితే అందరూ ఆ కాగితమే తీస్తారు" అని జోలీన్ గట్టిగా చెప్పింది.

శనివారం పొద్దున ఇంటి వెనక గోడకు నిచ్చెన వేసుకుని ఎక్కింది. గొట్టం గాలి వదిలే మూతికి దోమల జాలీ బిగించి ఉంది, నాలుగు మూలలా స్క్రూలతో. జాలీ వెనక నూగు కంబళిలా గట్టిపడి ఉంది. ఈ మూతికి జాలీ పెట్టకూడదు, నూగు అడ్డుపడి తడిగాలి బయటికి పోక బట్టలు ఆరవన్నది జోలీన్ చెప్పిన మొట్టమొదటి పాఠం. పిట్టలు గూడు కడతాయని లైలే దాన్ని బిగించాడు, పెళ్లయిన ఏటి ఆకురాలు కాలంలో. నిచ్చెన పట్టుకుంది తనే. మార్లిస్‌కు మొదట ఒళ్లు మండింది. ఇన్నేళ్లా, ఇంత చిన్న జాలీ ముక్కకా అనుకుంది. ఆ తర్వాత భుజాల మీంచి బరువేదో దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. "తప్పు నాది కాదు" అని నిచ్చెన మీద నిలబడి పైకే అంది. పక్కింటి కుక్క తప్ప వినేవాళ్లు లేరు.

రెండు చెత్తసంచుల నూగు వచ్చింది. జాలీ తీసేసి, గాలికి దానంతటదే తెరుచుకునే రెక్క మూత పెట్టింది. సాయంత్రం డ్రయ్యర్ నిండా తువ్వాళ్లు వేసి, పైకొచ్చి, ఓవెన్‌లో వండిన బంగాళాదుంపల క్యాసరోల్ బల్లమీద పెట్టి, నివేదిక లైల్ ముందుకు జరిపింది. అతను కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కారణం: ఇంటి యజమాని బిగించిన దోమల జాలీ. బట్టలు వేసే పద్ధతిలో లోపమేమీ లేదు.

లైల్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "పిట్టగూడు అని రాయొచ్చుగా" అన్నాడు.

"పిట్ట లేదు లైల్."

"మనింటి సంగతి పైవాళ్లకెందుకు?"

"నా చేతకానితనం చర్చి మొత్తానికీ తెలుసుగా."

పెన్ను బల్లమీదే ఉంది. సంతకం లేకపోతే వ్యాన్‌లో ఉద్యోగం లేదు. ఆ ఒక్క మాట మారిస్తే అన్నీ సాఫీగా సాగిపోతాయి, ఇరవై ఆరేళ్లుగా ఆమె సాఫీ చేసినట్టే. మార్లిస్ పెన్ను ముట్టుకోలేదు. తనకోసం ఇంకాస్త క్యాసరోల్ వడ్డించుకుంది.

లైల్ సంతకం పెట్టాడు. "అమ్మకు చెప్పకు" అన్నాడు.

"నేనెందుకు చెప్తాను, నువ్వే చెప్తావు" అంది మార్లిస్.

ఆమె కవరు మీద చిరునామా రాస్తుండగా కింద బజర్ మోగింది. నలభై నిమిషాలు, ఒకే తిప్పు.

"మోగింది" అన్నాడు లైల్.

"విన్నాను" అని మార్లిస్ పిన్‌కోడ్ రాస్తూనే ఉంది.

అతను లేచాడు. కుర్చీ కిర్రుమంది. బజర్ మోగిన తర్వాత సెల్లార్ మెట్లు దిగే అడుగుల చప్పుడు ఎలా ఉంటుందో, ఆ ఇంట్లో కూర్చుని ఆమె వినడం అదే మొదటిసారి.