బొంబాయి బుగ్గ

అత్తగారింట్లో పుల్లమ్మకు తనదంటూ ఉన్న జాగా ఒక్కటే. అదీ ఇంట్లో లేదు. పొద్దుగూకినాక ఆడవాళ్లు చెంబులు పట్టుకొని పోయే కంపచెట్ల చాటున ఉంది. పని అయ్యాక పక్కింటి షరీఫాతో కలిసి అక్కడి బండ మీద కాసేపు కూర్చునేది. ఇద్దరూ ఏదో ఒకటి చెప్పుకొని, నోటికి కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వుకునేవాళ్లు.

తక్కిన రోజంతా అత్త గుర్వమ్మ కళ్ల ముందే. బావికి పోతే అత్త, కలుపుకు పోతే అత్త. పుట్టింటి నుంచి ఎవరైనా వస్తే మధ్యలో పీట వేసుకొని కూర్చునేదీ అత్తే. సాయంత్రం మాత్రం గుర్వమ్మ గడప దగ్గర నిలబడి ఇత్తడి బ్యాటరీ లైటు వేసేది. అది ఆమె పెనిమిటి నాటి లైటు. దాని పచ్చటి వెలుతురు పెంటకుప్ప దాకా పోయి ఆగిపోయేది. ఆ కుప్ప దాటి చీకట్లో అడుగు పెట్టగానే పుల్లమ్మ భుజాలు వదులయ్యేవి.

పుల్లమ్మ మొగుడు సోమన్న బొంబాయిలో మేస్త్రీ కింద పనిచేస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు, చీకట్లో పామును తొక్కబోయానని అతనితో చెప్పింది. అట్లా చెబితే తననూ వెంట తీసుకుపోతాడేమోనని ఆశ. అతను ఆ మాట మరిచిపోలేదు. ఈసారి పీర్ల పండుగకు వస్తూ, దూదిలో చుట్టి, లైటులో వేసే ఒక చిన్న గాజు బుగ్గ, అంటే బల్బు, తెచ్చాడు.

"బొంబాయి బుగ్గ. లోపల గ్యాసు ఉంటది. మన పాత లైటుకే సరిపోతది" అంటూ లైటు మూతి తిప్పి, మసిబారిన పాత బుగ్గను తీసి, దీన్ని బిగించాడు. కొత్త సెల్లులు వేసి మీట నొక్కాడు. తెల్లటి వెలుతురు పెంటకుప్పను దాటి, కంపచెట్లను దాటి, అవతలి చేలో మేక కళ్ల మీద మెరిసింది.

"ఓరి నీ పాడుగాను! పగలు లెక్క ఉన్నది గదరా" అని గుర్వమ్మ మురిసిపోయింది.

"ఇగ నీకు ఫికర్ లేదమ్మా. గడపకాడ నిలవడితే సాలు, నీ కోడలు కనపడ్తది" అన్నాడు సోమన్న.

పండుగ కాగానే అతను వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పుల్లమ్మ వెనకే తెల్లటి వెలుతురు కంపచెట్ల దాకా వచ్చింది. కూర్చున్న ఆడవాళ్లు చీరలు సర్దుకొని లేచారు.

"ఎవరే గా లైటు ఏసేది? జర సిగ్గు లేదా?"

"గుర్వమ్మ కోడల్ని కావలి కాస్తాంది."

"కోడల్ని కాసుకొమ్మను. మమ్మల్నెందుకు ఊరందరికి సూపెడ్తది?"

షరీఫా ఓణీని ముఖం మీదికి లాక్కుంది. "రేపటిసంది నేను చెరువు కట్ట దిక్కు పోతనే. మా అమ్మీ చూస్తే కాళ్లిరగ్గొడ్తది."

"నన్ను ఇడిచిపెట్టి పోతవా? నేనూ వస్త."

"నువ్వొస్తే లైటు వస్తది గదా" అంది షరీఫా.

ఆ తర్వాత కంపచెట్ల దగ్గర పుల్లమ్మ ఒక్కతే మిగిలింది. బండ మీద కూర్చుంటే చాలు, గడప దగ్గరి నుంచి కేక వచ్చేది. "ఏమైందే? కడుపు నొస్తాందా?"

"లైటు వద్దత్తా, కండ్లకు కొడ్తాంది" అని ఒకసారి అడిగి చూసింది.

"పాము కొడితే ఎట్ల మరి? నా కొడుకు గంత దూరంకెళ్లి తెచ్చిండు నీకోసం."

గుర్వమ్మ పిండిగిర్నికి పోయిన పూట పుల్లమ్మ లైటు వెలిగించి బొంతల మడతల్లో దాచింది. బొంత వెచ్చబడ్డది. అత్త చెప్పుల చప్పుడు వినగానే ఆర్పేసింది. సందు దొరికినప్పుడల్లా అట్లాగే చేసింది. చివరికి సెల్లులు అరిగి, లైటు వెలుగు బీడీ నిప్పంత ఎర్రగా మిగిలింది. గుర్వమ్మ దాన్ని అరచేత కొట్టింది, సెల్లులు తీసి ఎండకు పెట్టింది. లాభం లేకపోయింది.

"ఇయ్యాల కంపచెట్లకాడికే రా" అని పుల్లమ్మ గోడ మీది నుంచి షరీఫాకు చెప్పింది.

పొద్దుగూకింది. పుల్లమ్మ చెంబు పట్టుకొని పెంటకుప్ప దాటింది. చుట్టూ చీకటి. ఎదురుగా బండ మీద షరీఫా గాజుల చప్పుడు. నవ్వు అప్పుడే పుల్లమ్మ పెదాల దాకా వచ్చింది.

"ఆగు బిడ్డా."

గుర్వమ్మ తనూ ఒక చెంబు పట్టుకొని వెనకే వచ్చి, కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "లైటు లేకపోతేంది, నేను లేనా? నా కొడుకు నిన్ను నాకు అప్పజెప్పి పోయిండు."

గాజుల చప్పుడు కట్ట వైపు పోయింది. గుర్వమ్మ తడుముకుంటూ వెళ్లి బండ మీద కూర్చుంది. "పోయిరా. ఈడనే ఉంట. రోజూ గిట్లనే పోదాం. నాకూ తోడైతది."

పుల్లమ్మ కదల్లేదు. "అత్తా, కోస్గి అంగడి ఎప్పుడు? కొత్త సెల్లులు తెప్పియ్యరాదా?" అంది.