ప్రదీప్ బండి పేలినంతసేపూ

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో మా మిల్లు కూలీల ఇళ్ల లైనులో సాయంత్రం అయిదున్నర అయిందంటే, స్టూలు పట్టుకుని అందరికన్నా ముందు బయటికొచ్చేది అప్పాయమ్మ. ఆ వెనకే పక్కింటి బైరాగి, ఆయన వెనక ఇంకో నలుగురు. అందరూ జనపనార మిల్లులో ముప్ఫయ్యేళ్లు మగ్గాల మధ్య నిలబడ్డవాళ్లే, అందరికీ చెవులు పోయాయి. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకోవడం, చేతుల్తో జవాబివ్వడం అక్కడ పద్ధతి. మిల్లు మానేసి ఇంట్లో కూర్చున్నా ఆ పద్ధతి మాత్రం వాళ్లని వదల్లేదు.

వాళ్లు ఎదురుచూసేది అప్పాయమ్మ కొడుకు ప్రదీప్‌కుమార్ మోటారుసైకిల్ కోసం. అతనికి భవానీపూర్‌లో కార్పొరేషన్ నీళ్ల పంపు దగ్గర ఉద్యోగం. కిందటి దసరా పూజలకి ముచ్చటపడి, బండితో వచ్చిన సైలెన్సర్ శుభ్రంగా పనిచేస్తుంటే పీకించేసి, బజార్లో దొరికే తళతళలాడే పైపు వేయించాడు. సరదా అలాంటిది మరి. ఆ రోజు నుంచీ యాక్సిలేటర్ వదిలితే చాలు, వెనక పటపటా పేలడమే. లైను మొదట్లో టీ కొట్టు దగ్గర వదిలితే ఇంటి గుమ్మం దాకా పేలుతూనే వచ్చేది.

అలా పేలినంతసేపూ లైనులో చెవులు పోయినవాళ్లందరికీ వినపడేది. పైపు మోత ఒక్కటే కాదు, టీ గిన్నెలో గరిట చప్పుడు, కాకి అరుపు, గంగ మీద లాంచీ కూత, అన్నీను. బండి ఆగితే చెవులు మళ్లీ మామూలే. టీ కొట్టు దాదా ఆ వేళకి పాటలు పెట్టి ఉంచేవాడు, మంచి మనిషి. బైరాగికి మాత్రం ఒక్కటే బాధ, బండి తొందరగా వచ్చేస్తోందని, పల్లవి కూడా పూర్తవడం లేదని.

అప్పాయమ్మకి పాటలు అక్కర్లేదు. ఆవిడకి కావలసింది మనవరాలి మాట. పూజితకి పదకొండు నెలలు. నవ్వు విన్నది, ఏడుపు విన్నది. ఇక పిల్ల నోటివెంట 'మామ్మా' అన్న ఒక్క పిలుపు వినేస్తే చాలనుకునేది. అందుకే రోజూ పిల్లని ఒళ్లో వేసుకుని స్టూలు మీద కూర్చునేది. పిల్ల నవ్వేది గానీ నోరు విప్పేది కాదు.

అలాగని మందమతి అనుకునేరు, గట్టి పిండం. చెయ్యి ఊపితే పాక్కుంటూ వచ్చేది. గ్లాసు ఎత్తినట్టు చూపిస్తే పాలకి నోరు తెరిచేది. దండం అంటూ చేతులు కలిపి చూపిస్తే తనూ కలిపేది. ఆ ఇంట్లో మామ్మ కోసం అందరూ చేతుల్తోనే మాట్లాడతారు కదా, పిల్లా అదే నేర్చుకుంది. మా పిల్లకి అన్నీ అర్థమవుతాయని కోడలు అశ్విని లైనంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఇంతలో దారిలో ఓ ట్రాఫిక్ సార్జెంటు ప్రదీప్‌ని ఆపాడు. ఈ మోత మళ్లీ వినపడితే బండి లాక్కుంటానన్నాడు. ప్రదీప్ వెళ్లి మెకానిక్ ఉమామహేశ్‌కి బండి చూపించాడు. అతను కిందికి వంగి చూసి, పైపు వేసినవాణ్ణి నాలుగు తిట్టి, సంగతి చెప్పాడు. పైపు ఇంజనుకి కలిసేచోట కొత్త రింగు వెయ్యకుండా పాతదే బిగించేశారు. ఆ సందులోంచి గాలి దూరుతోంది. యాక్సిలేటర్ వదిలినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోలు పైపులోకొచ్చి, ఆ గాలి తగలగానే అక్కడ అంటుకుంటోంది. కొత్త రింగు వేస్తే మోత ఆగిపోతుంది, ఆదివారం రమ్మన్నాడు.

ఈ సంగతి తెలిసి అప్పాయమ్మ కంగారుపడింది. పిల్ల మామ్మా అనేదాకా ఆగమని కొడుకుని బతిమాలింది. ప్రదీప్ ఏం చేస్తాడు, ఆదివారం దాకా చూద్దామన్నాడు.

శనివారం సాయంత్రం అశ్విని వంట ముందే ముగించి గుమ్మంలోకొచ్చి నిలబడింది. టీ కొట్టు దగ్గర బండి పేలడం మొదలైంది. అశ్విని ఊరికే వెనకనుంచి "పూజితా" అని పిలిచింది. పిల్ల గిరుక్కున తిరిగి తల్లి నోటివైపు కళ్లింత చేసుకుని చూసింది. అశ్విని పొంగిపోయి మళ్లీ పిలిచింది, పిల్ల మళ్లీ చూసి నవ్వింది. బండి ఆగింది. అశ్విని మూడోసారి పిలిచింది. పిల్ల తిరగలేదు.

నాన్నని చూసి ఆటలో పడిందనుకుంది అశ్విని. అప్పాయమ్మ అలా అనుకోలేదు. తన చెవులు మూసుకుపోయిన ఆ క్షణానే పిల్ల ముఖంలో వెలుగూ పోయింది. ఆవిడ కొడుకుని మళ్లీ టీ కొట్టు దగ్గర్నుంచి రమ్మంది. ఇంకోసారి రమ్మంది. ప్రతిసారీ అంతే, పేలుతున్నప్పుడు తిరిగింది, ఆగాక తిరగలేదు. బైరాగి లేచొచ్చి పిల్ల తల మీద చెయ్యేశాడు.

"నాకినపడినప్పుడే దీనికీ ఇనపడతంది," అంది అప్పాయమ్మ. "ఇది నా జట్టేరా, ప్రదీపా."

అశ్విని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ పిల్ల అర్థం చేసుకున్నది తన మాటలు కాదు, తన చేతులు. వేరే ఏ ఇంట్లోనైనా ఎప్పుడో తెలిసిపోయేది.

ఆ ఆదివారం రింగు సంగతి ఎవరికీ గుర్తురాలేదు. సోమవారం పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేశారు. చాలామంది మూడేళ్లొచ్చి మాట రాకపోతే గానీ తీసుకురారని, ఇంత చిన్నప్పుడే తెలియడం అదృష్టమని, చెవులకి మిషన్లు పెట్టి వారానికి రెండుసార్లు తర్ఫీదిప్పిస్తే మాటలొస్తాయని చెప్పింది డాక్టరమ్మ. ఎవరు కనిపెట్టారని అడిగింది. మా బండి సైలెన్సర్ అంది అశ్విని. డాక్టరమ్మ తలూపి కాగితం మీద రాసుకుంది.

ఆ సాయంత్రం అప్పాయమ్మే కొడుకుని పిలిచి రింగు మార్పించెయ్యమంది. సార్జెంటు బండి లాక్కుంటే వారానికి రెండుసార్లు పిల్లని ఎవరు తీసుకెళ్తారు?  నీ సంగతేమిటమ్మా అని ప్రదీప్ చేత్తోనే అడిగాడు. ఆవిడ పిల్ల వైపు చూపించింది. రింగు మార్చిన రోజు బండి చడీచప్పుడు లేకుండా వచ్చింది. బైరాగి తన స్టూలు లోపలికి తీసుకుపోయాడు. మసిబారిన పాత రింగుని అప్పాయమ్మ కడిగి, పసుపురాసి, బొట్టుపెట్టి దేవుడి అలమరలో ఉంచింది. రోజూ దానికో పువ్వు పెట్టి, చల్లగా చూడమ్మా అని దండం పెట్టుకునేది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఓ సాయంత్రం ఇంటి ముందు బండి మెల్లగా వచ్చి ఆగింది. గుమ్మంలో ఆడుకుంటున్న పూజిత ఆ చిన్న చప్పుడికే తలతిప్పింది. తండ్రిని చూసి నవ్వి, ఆ సంగతి చెప్పడానికన్నట్టు మామ్మ దగ్గరికి నడిచొచ్చింది. రెండు చేతుల్తో ఆవిడ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "మామ్మా" అంది.

లోపలినుంచి అశ్విని పరుగెత్తుకొచ్చింది. ప్రదీప్ హెల్మెట్ తీసి, పెదాలు కనపడేలా తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఇనపడిందా అమ్మా?"

అప్పాయమ్మ కళ్లు తుడుచుకోలేదు. పిల్ల పెదాల మీంచి చూపు తిప్పడం ఆవిడకి ఇష్టంలేదు.

"ముప్పయ్యేళ్లు మగ్గాల హోరులో అందరి మాటా ఇన్నాన్రా," అంది. "ఇది ఇనపడదేటి?"