పుట్టిన నెలను బట్టి ఓటు

"పెంగ్ యాలిన్ మునిగిపోతోంది! ఒక్క ఓటేసి కాపాడండి!"

పోలింగుకు ముందురోజు మధ్యాహ్నం, తైచుంగ్ నగరం మార్కెట్ వీధిలో ఆ మైకు వినగానే లియావ్ శ్యూచిన్ ముఖం పాలిపోయింది.

యాలిన్ పరాయిది కాదు. సైనిక పాలన రోజుల్లో శ్యూచిన్ తండ్రి చెంగ్‌షాన్ తరఫున వాదించిన లాయరు. ఇప్పుడు ఆయనా ఆమే ఒకే పార్టీ అభ్యర్థులు, ఒకే నియోజకవర్గం. సీట్లు చాలా ఉన్నా ఓటరుకు ఒక్కటే ఓటు. అందుకే పార్టీ ఓట్లను పంచింది: జూన్‌లోపు పుట్టినవాళ్లు చెంగ్‌షాన్‌కి, ఆ తర్వాత పుట్టినవాళ్లు యాలిన్‌కి. ఇప్పుడా మైకు అందరి ఓట్లూ అడుగుతోంది. దేశం పేరే మార్చాలని చెంగ్‌షాన్ వర్గం, ముందు పింఛన్ల సంగతి చూడాలని యాలిన్ వర్గం. నియంతలు ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ పట్టలేదు.

"మన బండి కూడా తిప్పుదాం, నాన్నా!"

"వద్దు. మనలో మనం లాక్కుంటే ఆ నియంతల పాత పార్టీ పండగ చేసుకుంటుంది."

"నువ్వు ఓడిపోతే?"

"ఏళ్ల తరబడి జైల్లో కూర్చున్నాను. ఇంట్లో కూర్చోలేనా?"

ఆయన అటు వెళ్లగానే శ్యూచిన్ డ్రైవర్ అతూని పిలిచింది.

"మీ నాన్నకి తెలిస్తే నా తోలు తీస్తాడమ్మాయ్."

"గెలిస్తే తీయడు బాబాయ్. పోనియ్!"

వానలో బండిపై మోకాళ్ల మీద కూర్చుని మైకందుకుంది. "మా నాన్నని కాపాడండి!" చేపలమ్మే ఆవిడ కళ్లొత్తుకుంది. "నాది సెప్టెంబరు. పోనీలే, మీ నాన్నకే వేస్తా!"

చెంగ్‌షాన్ గుట్టలకొద్దీ ఓట్లతో గెలిచాడు. యాలిన్ వెంట్రుకవాసిలో ఓడింది. చివరి సీటు పాత పార్టీకి పోయింది.

మర్నాడు ఆనవాయితీగా గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ బండ్లెక్కి, వీధివీధికీ తిరిగి ఓటర్లకు దండాలు పెట్టారు. మలుపులో చెంగ్‌షాన్ బండికి యాలిన్ బండి ఎదురైంది. దాని వెదురుకర్రకు పార్టీ జెండా లేదు.

"అభినందనలన్నా."

"జెండా ఏదమ్మా?"

"కొత్తది కుట్టిస్తున్నాం. మీతో కలిసి నడవలేమంటున్నారు మావాళ్లు. మొదట అరిచింది నేనే, కాదనను. కానీ మీ అరుపు ఇంకా గట్టిగా వినిపించింది."

ఆమె బండి కదిలిపోయింది. పక్క వీధిలో పాత పార్టీ టపాకాయలు పేలుతున్నాయి.

చెంగ్‌షాన్ కూతురివైపు తిరిగాడు. "నేను పుట్టింది నవంబరులో. నా ఓటు యాలిన్‌కే వేశాను. నీది అక్టోబరు కదూ?"

అతూ కంగారుగా మైకు శబ్దం పెంచాడు.

"కృతజ్ఞతలు! అందరికీ కృతజ్ఞతలు!"

చెంగ్‌షాన్ చేతులు జోడించి వీధికి వంగాడు. కూతురివైపు మళ్లీ చూడలేదు.