ఎంగిలి గిన్నె

నేను ఒక గిన్నెను. గుడిలో వాడే వస్తువును కాబట్టి మర్యాదగా పాత్ర అనాలని కొందరు సరిదిద్దుతారు గానీ, నేను బతికిన చింతలంకలో నన్నెవరూ అలా పిలవలేదు. పైకి వెండి, లోపల ఇత్తడి. పుట్టింది ఇంగ్లండులో, పొగ గొట్టాల మధ్య ఆకాశం కనిపించని ఒక ఊళ్ళో. అదే బల్ల మీద, అదే కంసాలి చేతుల్లో, నాతోపాటు సారా దుకాణాల గిన్నెలు కూడా తయారయ్యాయి. ఏది గుడికి పోతుందో ఏది దుకాణానికి పోతుందో ఆయనకు పట్టలేదు.

నన్ను కొన్నది ఎడ్మండ్ థోర్న్‌బీ అనే ఆంగ్లికన్ క్రైస్తవ గురువుగారు. ఆయన గుడిలో డబ్బున్నవాళ్ళు కూర్చునే బల్లల చుట్టూ చెక్క దడులూ, వాటికి చిన్న చిన్న తలుపులూ, తాళాలూ ఉండేవి. పేదవాళ్ళు వెనకాల నిలబడేవారు. ఈయన ఒకనాడు వడ్రంగిని పిలిపించి ఆ తలుపులన్నీ ఊడదీయించాడు. ఆ పై ఆదివారం నుంచి బల్లల ఆసాములు గుడికి రావడం మానేశారు. బిషపుగారు ఈయన ఉత్సాహాన్ని ఎంతగానో మెచ్చుకుని, ఇంతటి ఉత్సాహం ఇండియాలో అయితే ఇంకా బాగా పనికొస్తుందని సెలవిచ్చారు. అలా మేమిద్దరం బందరులో ఓడ దిగి, కృష్ణ ఒడ్డున ఉన్న చింతలంక చేరాం.

ఆ ఊరివాళ్ళకు థోర్న్‌బీ అన్న పేరు నోరు తిరగలేదు. తోరణం దొర అన్నారు. తోరణం దొర కాగితాలకూ నాకూ కలిపి ఒకటే రేకు పెట్టె. ఆయన రాయని రోజు లేదు. లండనులోని మిషను సంఘానికి నివేదికలు, ఆదివారపు ప్రసంగాలు, పాత తలుపుల గొడవకు ఇంకా ఇచ్చుకుంటున్న సంజాయిషీలు. నాకు చదువు రాదు. ఆయనకు మాత్రం రాసింది పైకి చదువుకునే అలవాటు ఉండేది, అందువల్ల ఆ కాగితాల సంగతులన్నీ నాకు తెలుసు.

చింతలంక సంఘంలో ఒక పక్క దానియేలు నాయుడు, ఆయన అన్నదమ్ముల ఇళ్ళు. పెద్ద కులం నుంచి మతంలో కలిసినవాళ్ళు. గుడీ, దాన్ని ఆనుకున్న బడీ నాయుడి స్థలంలోనే వెలిశాయి. మరో పక్క మాలపల్లె మొత్తం. క్రీస్తు చివరి విందును తలుచుకునే ప్రభుభోజనం నాడు వీళ్ళందరూ నాలోంచే ద్రాక్షరసం తాగాలి. ఒకరు పెదవి ఆనించిన గిన్నెకు ఇంకొకరు పెదవి ఆనించాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

“రెండో గిన్నె తెప్పించండి అయ్యగారూ” అన్నాడు నాయుడు. “మేం మతం మారాం గానీ మా చుట్టాలు మారలేదు గదండీ. రేపు పిల్లలకి సంబంధాలు రావద్దా?”

దొర ససేమిరా అన్నాడు. కొన్నాళ్ళు ఇద్దరూ బిగుసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి కుదిరిపోయింది. నాయుడి వాళ్ళు ముందు వరసలో కూర్చునేవారు కాబట్టి ముందు తాగేవారు. వాళ్ళయ్యాక మాలపల్లె. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. చింతలంకలో అందరికీ ఒకే గిన్నె అని దొర లండనుకు రాసి, ఆ మాట కింద గీత కూడా గీశాడు. ఇంగ్లండులో కంటికి కనిపించే తలుపులు ఊడదీసిన మనిషి, ఇక్కడ కనిపించని తలుపు దగ్గర మోసపోయాడు.

అందరికన్నా చివర తాగేది తబితమ్మ. మాలపల్లె మంత్రసాని. ఊళ్ళో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా బొడ్డు కోసేది ఆమే. ఎప్పుడు ఎవరికి నొప్పులొస్తాయోనని గుడిలో గుమ్మం దగ్గరే కూర్చునేది. దొర ఎప్పుడూ కొలిచినట్టు పోసేవాడు. ఆమె తాగేసరికి నేను ఖాళీ.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, నన్ను కడుగుతున్న దొర దగ్గరికి ఆమె వచ్చి నిలబడింది.

“ఒక మాట అడుగుతాను దొరా, తప్పయితే తిట్టండి. నా ఎనకాల ఎవరు తాగుతారండీ?”

దొరకు అర్థం కాలేదు.

“అందరి ఎంగిలీ నేను తాగుతున్నాను గదండీ. మరి నా ఎంగిలి తాగేవోళ్ళేరీ?”

దొర ముఖం ఎర్రబడింది. “నేను తాగెదను” అన్నాడు.

తబితమ్మ నవ్వేసింది. “తవరు దొరలండీ! మా ఇంటికొచ్చి గంజి తాగినా ఊరోళ్ళు లెక్కెయ్యరు.”

ఆ రోజు దొర ఒక్క అక్షరం రాయలేదు. ప్రార్థన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. అందులో ఎర్ర సిరాతో అచ్చువేసిన ఒక నియమం ఉంది. ద్రాక్షరసం మిగిలితే గుడి దాటి పోకూడదు. గురువూ, ఆయన పిలిచినవారూ అక్కడే తాగెయ్యాలి. పిలిచినవారు అన్న మాటను ఆయన పైకి రెండుసార్లు చదువుకున్నాడు.

తర్వాతి ప్రభుభోజనానికి నన్ను అంచుదాకా నింపాడు. అందరూ తాగారు, తబితమ్మ కూడా తాగింది. నాలో ఇంకా మిగిలింది. దీవెన చెప్పాక దొర నన్ను పైకెత్తి, తన పుస్తకాల తెలుగులో, “దానియేలు నాయుడుగారూ, శేషమును పానము చేయుటకు దయచేయండి” అన్నాడు.

నాయుడికి ఆ తెలుగు బాగానే అర్థమైంది. లేచి నిలబడి ఉత్తరీయం సర్దుకున్నాడు.

“అయ్యగారూ, ఈ స్థలం నాది” అన్నాడు. అంతే అన్నాడు.

ఆయన లేచి వెళ్ళిపోతే బడి పోతుందని గుడిలో అందరికీ తెలుసు. మాలపల్లె పిల్లలకు అక్షరాలు వచ్చే చోటు చుట్టుపక్కల అదొక్కటే. దొర నన్ను పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి తబితమ్మ గొంతు వినిపించింది.

“వద్దులే దొరా. బడి పోద్ది. తవరే తాగెయ్యండి.”

దొర నన్ను దించబోయాడు. ఈలోగా ఆడవాళ్ళ వైపు నుంచి నాయుడి భార్య రూతమ్మ లేచి వచ్చింది. పాటల్లో తప్ప ఆమె గొంతు గుడిలో ఎవరూ విని ఎరగరు. వచ్చి, దొర చేతుల్లోంచి నన్ను తీసుకుంది.

“నా నలుగురు బిడ్డల్నీ నాకంటే ముందు ముట్టుకుంది ఆవిడేనండీ” అంది, మొగుడి వైపు చూడకుండా. “అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడిదీ?”

తబితమ్మ పెదవి ఆనించిన చోటే ఆనించి, చుక్క మిగల్చకుండా తాగింది. మనుషుల గొడవలు నాకు పట్టవు. అయినా ఆ రోజు నాకు సంతోషం వేసింది.

నాయుడు భార్యను ఏమీ అనలేదు. ఆమె వండింది తినడం మాత్రం మానేశాడు. అరుగు మీద పొయ్యి పెట్టుకుని సొంతంగా వండుకున్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి, అన్నం పలుకుగానే ఉండిపోయింది, మనిషి సగమయ్యాడు. రేపో మాపో బడికి తాళం పడుతుందని ఊరంతా ఎదురుచూసింది. పడలేదు. కోతలయ్యాక ఒక ఆదివారం నాయుడు ఆలస్యంగా గుడికి వచ్చి, గుమ్మం దగ్గరే, తబితమ్మ అవతల కూర్చున్నాడు. నేను ఆమె దగ్గర్నుంచి ఆయన దగ్గరికి వెళ్ళాను. తబితమ్మ తల వంచుకుని నేల చూసింది. నాయుడు కషాయం తాగేవాడిలా కళ్ళు మూసుకుని తాగాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో భోంచేశాడని తర్వాత విన్నాను.

తన ప్రసంగాల బలం వల్ల నాయుడి మనసు మారిందని దొర నివేదిక రాశాడు. ఎంగిలి అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. తన భాషలో దానికి మాట దొరక్క, చివరకు మురికి అని రాశాడు. రూతమ్మ పేరూ తబితమ్మ పేరూ మొదట రాసి, కొట్టేసి, ఇద్దరు స్థానిక స్త్రీలు అని దిద్దాడు. చెడ్డవాడు కాదు. చదివేవాళ్ళకు ఆ పేర్లు గుర్తుండవనుకున్నాడు. మరి కొన్నేళ్ళకు జ్వరం వచ్చి చింతలంకలోనే పోయాడు. కాగితాలు ఓడెక్కి లండను చేరాయి. నేను ఇక్కడే ఉండిపోయాను.

తరాలు గడిచాక, మొన్న తోరణం దొర సంస్మరణ ఆరాధన జరిగింది. ఒక పరిశోధకురాలు లండను నుంచి ఆ కాగితాల నకళ్ళు తెచ్చి చదివి వినిపించింది. అందరికీ ఒకే గిన్నె అన్న చోట చప్పట్లు మోగాయి. నన్ను అద్దాల బీరువాలోంచి తీసి వరస వరసకూ చూపించి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టారు. ఆ వెనకే ప్రభుభోజనం మొదలైంది. పళ్ళేల నిండా బొటనవేలంత గాజు గ్లాసులు వచ్చాయి. ఆరోగ్యం కోసమని సంఘం ఎప్పుడో తీర్మానించింది, తప్పు పట్టడానికేమీ లేదు. ఎవరి గ్లాసు వారు తీసుకుని, ఎవరి గుక్క వారు తాగారు. ఎవరి తర్వాతా ఎవరూ తాగలేదు.