టైటిల్స్‌లో అమ్మ చేతిరాత

రక్తం మాస్టారికి నిజం రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. గడ్డం గీసుకుంటూ గాటు పడితే కుర్చీ వెతుక్కునే మనిషి. ఆ పేరెలా వచ్చిందంటే, ముప్ఫై ఏళ్లుగా దెయ్యాల సినిమాల మొదట్లో తెర మీద పడే పేర్లన్నీ ఆయన చేత్తో రాసినవే. ఆ అక్షరాల కొసల నుంచి నెత్తురు కారాల్సిందే.

ఈసారి మాత్రం ఆయన పప్పులుడకలేదు. దర్శకుడు నాలుగుసార్లు తిప్పి పంపాడు.

"భయం వెయ్యట్లేదు మాస్టారూ. ముచ్చటగా ఉన్నాయి. సోమవారానికి కాకపోతే కంప్యూటర్‌లో ఉన్నవే పెట్టుకుంటాను."

ముచ్చటగా అన్న మాట ఆయనకు గుచ్చుకుంది. నిజమే మరి, కుదురైన చేత్తో వణుకు రాస్తే అది వేషం వేసినట్టే ఉంటుంది. ఈ సినిమా చేజారితే ఇంకెవరూ పిలవరని కూడా తెలుసు.

ఆదివారం పొద్దున పాళీ కోసం బీరువా వెతుకుతుంటే భార్య నోటుపుస్తకం దొరికింది. గొంతు ఆపరేషన్‌తో ఆమెకు మాట పడిపోయింది. చనిపోయేవరకూ ఏం కావాలన్నా అందులోనే రాసి చూపించేది. పడుకుని రాసిన అక్షరాలు. గీతలు మధ్యలో తెగి, కిందికి జారిపోయి ఉన్నాయి. ఆయన ఏడవాల్సింది. ఏడవలేదు. పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పరిచాడు.

భోజనాల వేళకి కావలసిన అక్షరాలన్నీ ఎత్తి రాసేశాడు. దర్శకుడు వాటిని చూసి, నిక్కబొడుచుకున్న తన చేతి వెంట్రుకలు చూపించాడు.

మొదటి ఆటకి కూతుర్ని తీసుకెళ్లాడు. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. తెర మీద నాన్న పేరు పడగానే ఆమె ఆయన చెయ్యి నొక్కుతుంది. టైటిల్స్ మొదలయ్యాయి. హాలంతా గప్‌చుప్ అయిపోయింది. దాచడం దేనికి, ఆయన ఛాతీ పొంగింది. తన పేరు పడింది. చెయ్యి చాపాడు. కూతురు లేచి బయటికి వెళ్లిపోయింది.

వెనకాలే వెళితే, హాలు మెట్ల మీద ఎండలో కూర్చుని ఉంది.

"అలా జారిపోయిన 'నీ' అక్షరం అమ్మది."

"ఎవరికి తెలుస్తుందమ్మా."

"నాకు తెలిసింది కదా. నీళ్లు అని రాసిన రోజుది అది. నువ్వు పుస్తకం పట్టుకుని చూస్తూ నిలబడ్డావు. రాసింది అర్థం కాలేదేమో అనుకున్నా. ఆఖరికి నేనే వెళ్లి తెచ్చా. తెచ్చేసరికి తాగడానికి అమ్మకి స్పృహ లేదు."

ఆయనకు గుర్తుంది. ఆ రోజు ఆయన అసలు చదవనేలేదు. గుడిదీర్ఘం కొస ఎలా జారిందో చూస్తూ ఉండిపోయాడు. అబ్బ, ఎంత బాగా వణికింది అనుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

లోపల ఎవరో కెవ్వుమన్నారు. ఆయన గబగబా వెళ్లి, క్యాంటీన్ నుంచి గ్లాసుడు నీళ్లు పట్టుకొచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"నాకు దాహంగా లేదు నాన్నా," అంది ఆమె.