అక్క మాటను మింగిన చిప్పు

అక్క లెక్కల టీచరు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కాళ్లూ మాటా పడిపోయాయి. కుడిచెయ్యి మిగిలింది. ఆ చేత్తో తెర మీద టైపు చేస్తే ఒక చిన్న యంత్రం పైకి చదువుతుంది. దాంతోనే పంతం పట్టి మళ్లీ బడికి వెళ్తోంది.

యంత్రానికి కరెంటు ఆమె చక్రాల కుర్చీ బ్యాటరీ నుంచే వస్తుంది. బ్యాటరీది ఇరవై నాలుగు వోల్టులు, యంత్రానికి కావలసింది అయిదు. మధ్యలో వేలిగోరంత చిప్పు ఒకటి ఆ వోల్టేజీని దించుతుంది. నెలలో మూడోసారి అదే మాడిపోయింది.

పిల్లల ముందు అక్క మూగబోయి కూర్చుంది. సోమవారం కూడా ఇలాగే అయితే క్లాసు వేరేవాళ్లకి అప్పగిస్తానని హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు.

ఆ చిప్పులన్నీ వేసింది చెల్లెలే. టీవీలు బాగుచేసే షాపు ఆమెది. తన చేతిపనిలోనే లోపముందేమోనని తల కొట్టేసినట్టయింది. విడిగా చిన్న బ్యాటరీ పెడదామని, రెండు గంటలైనా వస్తుందని బావ సర్దిచెప్పబోయాడు. అక్క కాగితం లాక్కుని రాసింది: "నాకు రోజూ అయిదు పీరియడ్లు."

ఎప్పుడెప్పుడు ఆగిందో చెల్లెలు గుచ్చి గుచ్చి అడిగింది. మూడుసార్లూ బడి గేటు దగ్గరి వాలు దిగాకే. శనివారం మధ్యాహ్నం కుర్చీకి మీటరు కట్టి, అక్కని అక్కడికే తీసుకెళ్లింది. చదును నేల మీద అది ఇరవై ఆరు వోల్టులు చూపించింది; నిండా ఛార్జయిన బ్యాటరీకి అది మామూలే. వాలు దిగుతూ అక్క టక్కున ఆపేసరికి నలభై మూడు.

చెల్లెలు అక్కడే గట్టు మీద చతికిలబడింది. ఆగేటప్పుడు కుర్చీ మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీ తీగల్లోకి వెనక్కి తోస్తోంది. పాత చిప్పు ఓర్చుకోగలిగేది ముప్పై దాకానే.

అరవై ఓర్చుకునే చిప్పు తెచ్చింది. దాని కాళ్ల వరస వేరు, పాత బోర్డులో ఇమడలేదు. కొత్త బోర్డు చేసింది. కాసేపటికే అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. విప్పేసి, వేడి పోయేలా కింద వెడల్పాటి రాగిరేకు వేసి మళ్లీ అతికించింది. ఆదివారం మధ్యాహ్నానికి మీటరు అయిదు దగ్గర కదలకుండా నిలబడింది.

మళ్లీ వాలు దగ్గరికి వెళ్లారు. అక్క జోరుగా దిగి టక్కున ఆపింది. చూస్తున్న చెల్లెలికి యంత్రం గొంతు వినిపించింది.

"ఇంకోసారి."

దిగింది, ఆపింది. "ఇంకోసారి." వెనకాల పరిగెత్తలేక చెల్లెలికి ఆయాసం వచ్చింది. ఇక చాలక్కా అని బతిమాలింది.

"ఒకట్రెండుసార్లయితే పాత చిప్పులూ తట్టుకున్నాయి," అంది అక్క యంత్రంలోంచి. "పరిగెత్తు."

ఇరవై అయ్యాక గానీ ఒప్పుకోలేదు.

సోమవారం మొదటి పీరియడులో చెల్లెలు వరండాలో నిలబడింది. లోపల కాసేపు పిల్లల గోల తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత పూర్తి సౌండుతో యంత్రం మోగింది: "వెనక బెంచీ, కబుర్లు ఆపి భిన్నాలు తియ్యండి."

గోల ఆగింది. అయిదో పీరియడు అయ్యేదాకా చెల్లెలు అక్కణ్ణుంచి కదల్లేదు.