ఎర్రగీతకు వేలెడు తక్కువ

తడిగుడ్డతో కొలకర్రను పైనుంచి కిందికి తుడిచి, ఎర్రగీత దగ్గర చెయ్యి ఆపి, గోటితో ఒకసారి గీకి చూసిందామె. రంగు ఊడలేదు. గోడకు బిగించిన ఆ చెక్క, పిల్లలు ఆనుకుని ఆనుకుని నున్నబడిపోయింది. పక్కనే మేకుకు వెడల్పాటి గడ్డి టోపీ ఒకటి వేలాడుతోంది. దాన్నీ దులిపి మళ్ళీ మేకుకే తగిలించింది. ఆ టోపీ మనిషి ఇవాళ వస్తుంది.

ఉన్నది ఒకటే గది. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, అద్దాల తలుపు మీద ‘కుటుంబ విహారయాత్రలు’ అన్న అక్షరాలు. పిల్లలు మాత్రం ఆమెను కొలబద్ద ఆంటీ అంటారు. సముద్రాలూ కొండలూ కావాలన్నవాళ్ళకు ఎదురు వీధిలో వేరే ఆఫీసు ఉందని చెప్పి పంపేస్తుంది. ఆమె పంపేది ఆటల పార్కులకే. ఏ ఆట దగ్గర జనం ఎప్పుడు పలచబడతారో, చంటిపిల్లకు పాలివ్వడానికి చాటు ఎక్కడుందో అడగకముందే చెబుతుంది. పంతం మాత్రం ఒక్కటే. పార్కులో మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ దూసుకుపోయే పెద్ద రైలెక్కాలంటే ఎంత ఎత్తుండాలో ఆ ఎర్రగీత అంత ఎత్తున ఉంది. పిల్ల తల గీతను తాకకపోతే టికెట్లు తియ్యదు, పెరిగాక రమ్మంటుంది. ఎవరెన్ని చెప్పినా ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఈ పంతం కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసే రోజుల నాటిది. అప్పుడు కూతురిని తీసుకుని మొదటిసారి పార్కుకు వెళ్ళింది. పెద్ద రైలు దగ్గర కాపలా మనిషి పిల్లను కొలిచి, వేలెడు తక్కువని వెనక్కి పంపేశాడు. పిల్ల కిక్కురుమనలేదు, తల్లికే గుండె తరుక్కుపోయింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. మీసాల పెద్దమనుషులు కూడా కేకలు పెడుతూ పోయి, పసిపిల్లల్లా నవ్వుతూ దిగుతున్నారు. ఎక్కకుండానే ఆమెకు ఆ చోటంటే పిచ్చి పట్టుకుంది, ఏం చేస్తాం! కొట్టుకు వచ్చినవాళ్ళకు కళ్ళజోళ్ళ మాట వదిలేసి పార్కు కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. యజమాని విని విని, ఆ అమ్మేదేదో అదే అమ్ముకో తల్లీ అని దణ్ణం పెట్టేశాడు. అలా అదే బతుకుతెరువైంది. ఏ పిల్లా తన కూతురిలా వెనక్కి రాకూడదని మొదటిరోజే కొలకర్ర బిగించింది.

కిందటి వేసవిలో ఒక పెద్దావిడ, అప్పుడే కొన్న టోపీ పెట్టుకుని, మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల మెడ ఎంత సాగదీసినా గీతకు వేలెడు తక్కువే. ఒక్క ఏడాది ఆగమంది ఈమె. పెద్దావిడ బతిమాలలేదు.

“అది పెరుగుతుందమ్మా, నేనే తరిగిపోతుంటాను,” అని నవ్వి, టోపీ తీసి మేకుకు తగిలించింది. “ఇక్కడే ఉండనీ. మళ్ళీ వస్తాంగా.”

నిన్న వాళ్ళింటి నుంచి ఫోను వచ్చింది, రేపు వస్తున్నామని. ఆ సంగతే మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ కూతురికి ఫోనులో గొప్పగా చెప్పుకుంది. కూతురు తనూ పిల్లాడిని పార్కుకు తీసుకెళతానంది. వాడింకా పొట్టివాడు, ఆగవే, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు అని తల్లి మందలించింది.

“తప్పేంటమ్మా? నాకు బాగా గుర్తున్నది ఆ రోజే. నువ్వు ఏ పనికీ లేవకుండా పొద్దస్తమానం నా పక్కనే కూర్చున్నావు.”

ఫోను పెట్టేశాక కలిపిన ముద్ద అలాగే వదిలేసింది. పిల్ల ఆరోజు సంతోషంగా ఉందా? మరి ఇన్నేళ్ళూ ఈ కర్ర ఎవరి కోసం? వెనక్కి పంపినవాళ్ళ మొహాలు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ సరిగ్గా గుర్తు రావడం లేదు. డబ్బా మూత పెట్టేసి ఒకటి మాత్రం అనుకుంది. ఇవాళ ఆ పిల్ల గీతకు తక్కువైనా సరే, నానమ్మనీ మనవరాలినీ పంపించేస్తాను.

సాయంత్రం తలుపు తోసుకుని పిల్లే ముందు వచ్చింది, వెనక తండ్రి. పిల్ల తిన్నగా వెళ్ళి కర్రకు ఆనుకుంది. తల గీతను దాటేసింది. ఆమెకు నిజంగానే పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

“ముగ్గురికీ తియ్యనా?”

“ఇద్దరికేనండి,” అన్నాడతను. “అమ్మ పోయిన నెల పోయింది. మీ దగ్గరికే వెళ్ళమని చెప్పింది.”

కిందటేడే పంపించాల్సింది అని ఆమె గొణిగింది. మీరేం చేస్తారండి, అక్కడి పద్ధతి అది అని అతనే ఓదార్చాడు. ఆ ఓదార్పు ఇంకా బాధపెట్టింది.

పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. “అక్కడ బెంచీ ఉంటుందట కదా. నానమ్మ దాని మీద కూర్చుని చెయ్యూపుతానంది. ఇప్పుడు నేనూ నాన్నా రైలెక్కితే అక్కడెవరు కూర్చుంటారు?”

ఆమె రెండు టికెట్లు తీసి అతని చేతికిచ్చింది. లేచి టోపీ తెచ్చి పిల్లకిచ్చింది. పిల్ల పెట్టుకుంటే అది ముక్కు దాకా దిగింది. తీసేసి, మునివేళ్ళ మీద లేచి మళ్ళీ మేకుకే తగిలించింది.

“నానమ్మ ఇక్కడే ఉంచమంది,” అని తండ్రి చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు వెళ్ళాక తలుపు మూసుకున్న గాలికి మేకున ఉన్న టోపీ కాస్త ఊగి ఆగింది. దాని అంచుకు టోపీల కొట్టువాళ్ళు కట్టిన ధర చీటీ ఇంకా అలాగే ఉంది.